రెండు వందల పన్నెండోసారి

మా అక్క ఉద్యోగం పోయిందని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలు, పక్కింటివాళ్ళు వరసకట్టి వస్తున్నారు. "ఒక ఆట కోసం, అందులోనూ అత్తగారు ఆడుకునే ఆట కోసం, ఎవరైనా ఉద్యోగం పోగొట్టుకుంటారా?" అని బుగ్గలు నొక్కుకుంటున్నారు. టీ తాగి, కప్పు కింద పెట్టి, మళ్ళీ అదే మాట. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడితే, ఇకమీదట ఎవరొచ్చినా ఈ కాగితాలు చేతిలో పెట్టి నా పని నేను చూసుకోవచ్చు.

అక్క అంటే తోడబుట్టింది కాదు, నా తోడికోడలు. మా బావగారి భార్య. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే ఆఫీసులో పనిచేశాం. అది వీడియో గేములు తయారుచేసే ఆఫీసు. అక్క అక్కడ టెస్టరు. ఆట జనం చేతికి వెళ్ళకముందే తాను ఆడి, ఎక్కడ తేడా ఉందో పట్టుకోవడం ఆమె పని. నేను ఆటలోని ఆయుధాల బొమ్మలు గీస్తాను. కత్తులు, గదలు, డాళ్ళు, బాణాలు, ఇలా మూడేళ్ళలో నూట నలభై గీశాను. అందులో సగం ఒకదానికొకటి కవలపిల్లల్లా ఉంటాయని అక్క ఎగతాళి చేసేది. నిజమే, ఉంటాయి.

ఆఫీసులో అక్కకి జగమొండి అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు, కానీ ఆమెకు తెలుసు, లోపల్లోపల సంతోషం కూడా. ఈ పనిలోకి రాకముందు తొమ్మిదేళ్ళు ఒక షాపింగ్ కాంప్లెక్సు పై అంతస్తులో, పిల్లలు ఆడుకునే మెషీన్లున్న హాల్లో, టోకెన్లిచ్చే కౌంటర్లో కూర్చుంది. పాడైన మెషీన్ని మెకానిక్ బాగుచేసి వెళ్ళాక అది పనిచేస్తోందో లేదో చూడాల్సింది కౌంటర్ మనిషే. మిగతావాళ్ళు రెండు మీటలు నొక్కి, దీపాలు వెలిగితే చాలు, బాగుందనేవాళ్ళు. అక్క మాత్రం టోకెన్ వేసి చివరిదాకా ఆడేది. "సగం చూసి బాగుందని ఎలా చెప్తాను? చివర్లో ఆగిపోతే ఆ పిల్లలు తిట్టేది నన్నే కదా" అనేది. అలా ఆడుతుంటే మా ఆఫీసు మనిషి ఒకరు వెనక నిలబడి చూశారు. ముప్పై ఆరో ఏట, పెద్ద చదువేమీ లేకుండా, ఆమెకు ఆ ఉద్యోగం వచ్చింది.

ఆమె పనిచేస్తుంటే చూడాలి. ఎడమ బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని, వీపు ఆనించకుండా కుర్చీ అంచున కూర్చుంటుంది. పక్కన ఒక నోటుపుస్తకం. ఆటలో చచ్చిన ప్రతిసారీ అందులో ఒక గీత. ఎవరైనా పలకరిస్తే జవాబు రాదు. సాయంత్రం ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళు ముంచుకుని కూర్చుంటే, మా అత్తయ్య అటుగా వెళ్తూ, "రాళ్ళు కొట్టి వచ్చావా?" అని ఒక చురక వేసి పోయేది.

ఇప్పుడు అత్తయ్య సంగతి. ముప్పై ఒక్క సంవత్సరాలు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపిన మనిషి. ఒక చేత్తో తీగ గుచ్చి, ఇంకో చేత్తో పీకి, ఒక చెవిలో ఒకరి మాట వింటూ ఇంకొకరికి జవాబు చెప్పేదట. తన చేతి వేగం చూసి సూపర్‌వైజరు గడియారం సరిచేసుకునేవాడని ఇప్పటికీ కోతలు కోస్తుంది. రిటైరయ్యాక కొన్నాళ్ళు మా అందరి మీదా పెత్తనం చేసింది. దాంతో విసుగొచ్చి, అక్క ఇంటికి తెచ్చిన మా ఆట మొదలుపెట్టింది. మొదటివారం కంట్రోలర్ తలకిందులుగా పట్టుకుంది. ఆరు నెలలకల్లా వంతెన దాకా వెళ్ళింది.

ఆ వంతెన ఆటకి నడిమధ్యన వస్తుంది. దాని మీద సమ్మెట పట్టుకున్న కాపలావాడు ఒకడు ఉంటాడు. సమ్మెట పైకెత్తాడంటే కొట్టబోతున్నాడని గుర్తు. ఎత్తడానికీ దించడానికీ మధ్య దొరికే సందులో పక్కకి తప్పుకోవాలి. అంతే కిటుకు. ఎన్నిసార్లు ఓడించినా మనం మళ్ళీ వచ్చినప్పుడు లేచి నిలబడతాడు. అత్తయ్య వాణ్ణి ఇరవై ఆరుసార్లు ఓడించింది. భోజనాలయ్యాక స్టూలు మీద కాళ్ళు చాపుకుని, "రారా, నీ మొహం మండా, నిన్నటి దెబ్బ మర్చిపోయావా?" అని వాడితో గొడవ పెట్టుకునేది. పక్కింటివాళ్ళు మామయ్యని తిడుతోందేమో అనుకోవడానికి మామయ్య పోయి అప్పటికే పదేళ్ళు.

అత్తాకోడళ్ళు అన్నిటికీ కీచులాడుకునేవాళ్ళు, ఒక్క ఆట గురించి తప్ప. దాని గురించి ఇంట్లో మాటే ఎత్తకూడదని అత్తయ్య మొదట్లోనే గట్టిగా చెప్పేసింది. "నువ్వు ఉపాయం చెప్తే అది నీ గెలుపవుతుంది. నోరు మూసుకుని నీ పని నువ్వు చూసుకో" అంది. అక్కకీ అదే నయమనిపించింది, ఎందుకంటే ఆఫీసు విషయాలు బయట చెప్పనని ఆమె కాగితం రాసిచ్చింది.

మా ఆటలో కష్టం తగ్గించుకునే మీట లేదు. "అందరికీ ఒకటే కష్టం" అని ఆఫీసు గోడ మీద మనిషెత్తు అక్షరాలతో రాసుకున్నాం. మొదట్లో అది నిజంగానే గర్వంగా ఉండేది. ఆట కొన్నవాడు ఇంకేమీ కొనకుండా చివరిదాకా వెళ్ళగలగాలని మా యజమాని ఒక పద్ధతి పెట్టారు. విడిగా డబ్బులకి అమ్మే ఏ ఆయుధాల ప్యాక్ అయినా సరే, విడుదలకి ముందు ఒక టెస్టరు ఆ ఆయుధాలేవీ ముట్టుకోకుండా ఆట దాటి చూపించాలి. దాటాక ఫారం మీద సంతకం పెట్టాలి. ఫారంలో ఉన్నది ఒకటే ప్రశ్న: కొనకుండా దాటవచ్చా? అవును, కాదు. ఆ సంతకం ఎప్పుడూ అక్కదే. ఆఫీసులో అందరికంటే బాగా ఆడే మనిషి చేత పెట్టించి, దాన్ని నిజాయితీ పరీక్ష అని పిలుచుకున్నాం. ఇందులో ఉన్న మూర్ఖత్వం ఇంతమందిమి కూర్చున్నా ఒక్కరికీ తట్టలేదు.

ఆరు నెలల క్రితం కొత్త ప్యాక్ కోసం నేను పద్దెనిమిది ఆయుధాలు గీశాను. పదిహేడు మామూలువే. పద్దెనిమిదోది తాబేటి డాలు. అది పట్టుకుంటే నడక నెమ్మదిస్తుంది, కానీ మీట నొక్కడం క్షణం ఆలస్యమైనా దెబ్బని కాచుకుంటుంది. చెయ్యి చురుగ్గా ఆడనివాళ్ళ కోసం అనుకుని, చిప్ప మీద గీతలతో సహా ప్రేమగా గీశాను. దీన్ని ప్యాక్‌లో పెట్టకుండా అందరికీ ఊరికే ఇద్దామని అడిగాను.

ఆటలో ఎవరి దెబ్బ ఎంత, ఎవరి వేగం ఎంత అని అంకెలు నిర్ణయించే ఆయన్ని మేం తూకం సారు అంటాం. ఆయన నా బొమ్మ చూసి చాలా మెచ్చుకున్నారు. "ఇంత మంచిది ఊరికే ఇస్తామా? కాకపోతే ఇప్పుడు దీని అవసరం ఎవరికీ లేదమ్మా. అవసరం ఉండాలి కదా" అన్నారు. వారం తిరక్కుండా అవసరం పుట్టించారు. వంతెన మీద కాపలావాడు సమ్మెట ఎత్తి దించే సందుని సగానికి సగం కోసేశారు. రోగం తగిలించి మందు అమ్మడమంటే ఇదే. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. మండి ఊరుకున్నాను.

పరీక్షకి అక్క కూర్చుంది. మూడురోజులు ఆడింది. రెండు వందల పదకొండుసార్లు చచ్చింది. రెండు వందల పన్నెండోసారి దాటింది. ఆఫీసంతా లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, దాచడమెందుకు. ఫారంలో "అవును" అన్న గడిలో టిక్కు పెట్టి, అక్క పొడుగ్గా సంతకం చేసింది. ఆ సాయంత్రం వేళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూడా నవ్వుతూనే ఉంది.

మార్పు అందరి ఇళ్ళకీ చేరింది. దాంతో పాటు పంపిన కబురులో "కొన్ని చిన్న సవరణలు" అని మాత్రమే ఉంది. ఆటగాళ్ళు రాసుకునే పేజీలో కుర్రవాళ్ళు కొందరు గోల చేస్తే, మా వాళ్ళు ఇచ్చిన జవాబు ఇది: "మా టెస్టరు ఏమీ కొనకుండానే దాటారు. సాధన చేయండి."

ఆ పేజీ ఒకటుందని కూడా అత్తయ్యకి తెలియదు. ఆవిడకి తెలిసిందల్లా నిన్నటిదాకా ఓడించినవాడు ఈరోజు తనని ఓడిస్తున్నాడని. ముందు కంట్రోలర్ బ్యాటరీలు మార్చింది. తర్వాత కళ్ళజోడు తుడిచింది. తర్వాత కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుంది. తిట్లు తగ్గాయి. ఒకరోజు ఆఫీసునుంచి వచ్చేసరికి టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. దుమ్ము పడకుండా అంది.

మేం పట్టించుకోలేదు. కూరలు తరగడం మానేసి కత్తిపీట నా వైపు తోసినప్పుడూ, మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నప్పుడూ, మా ఆయన "వయసు మీద పడింది కదా" అన్నాడు. ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిందని మందుల చీటీ చూస్తే తెలిసింది. బలం మాత్రలు రాశాడు. చేతుల్లో జబ్బేమీ లేదని కూడా రాశాడు. ఆవిడ ఆ రెండో మాట నమ్మలేదు.

ఒక ఆదివారం పొద్దున నేను స్నానానికి వెళ్తూ ఎనిమిది నెలల మా పాపని అందించబోతే అత్తయ్య రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకొద్దమ్మా. మంచం మీద పడుకోబెట్టి వెళ్ళు."

"అదేంటత్తయ్యా, ఎప్పుడూ మీరేగా ఎత్తుకుంటారు?"

"ఎప్పుడో ఎత్తుకున్నాను. ఇప్పుడు జారవిడిస్తే?"

పాపని చంకనేసుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. బతిమాలితే, తిడితే, ఎట్టకేలకు నోరు విప్పింది. "నవ్వకు మరి. ఆ వంతెన మీద వాడున్నాడే, వాణ్ణి ఇరవై ఆరుసార్లు కొట్టాను. ఇప్పుడు వాడు సమ్మెట ఎత్తింది కనిపిస్తోంది, వేలు మాత్రం లేవట్లేదు. డెబ్బైసార్లు చూశాను. వాడు అదే చోటున్నాడు, అదే సమ్మెట. మారింది నేనే. చేతులు పోయాయే, చిన్నమ్మాయ్."

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఆరేయాల్సిన బట్టల బకెట్ చేతిలో ఉంది. అంతా వింది. అప్పుడే అక్కడే చెప్పేయాల్సింది. చెప్పకుండా పెరట్లోకి వెళ్ళి, తీగ మీద బట్టలు దులపకుండానే వేసేసి, నాతో మాత్రం, "రేపు వెళ్ళి ఆ అంకె వెనక్కి మార్పించి వస్తా. మార్పించాక చెప్తా" అంది. సరిదిద్దిన తప్పయితేనే ఒప్పుకోవడం సులువు అనుకుంది. జగమొండి కదా.

సోమవారం పొద్దున్నే తూకం సారు గదిలోకి వెళ్ళాం. అక్క కూర్చోలేదు.

"ఆ వంతెన పాతలాగా మార్చండి సార్. జనం దాటలేకపోతున్నారు."

"మీరు దాటారు కదండీ" అన్నారాయన, చాలా మర్యాదగా.

"ఎన్నిసార్లకి దాటానో అడిగారా?" అక్క నోటుపుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. నాలుగు పేజీల నిండా గీతలు.

"ఫారంలో ఆ గడి లేదండీ. దాటవచ్చా అని అడిగాం, అవునన్నారు. సంతకం మీదే."

"ఉద్యోగం కాబట్టి మూడురోజులు కూర్చున్నా సార్. ఇంట్లో ఆడుకునేవాళ్ళు అలా కూర్చుంటారా?"

ఆయన కంప్యూటర్ మా వైపు తిప్పారు. "చూడండి, వంతెన దగ్గర ఆగిపోయినవాళ్ళలో ముగ్గురికి ఒకరు ప్యాక్ కొంటున్నారు. మన ఆటకి అమ్మకాలు ఎప్పుడూ ఇంత బాగా లేవు."

"మరి మిగిలిన ఇద్దరూ?"

"మానేస్తున్నారు. అందరికీ అన్నీ చేతకావు కదండీ."

అక్క గొంతు పెంచలేదు. "మా అత్తగారు మానేసింది సార్. తన చేతులు పడిపోయాయనుకుంటోంది. పసిపిల్లని ఎత్తుకోవడానికి భయపడుతోంది" అంది.

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యయ్యో, ముందే చెప్పాల్సింది! పెద్దావిడకి ఒక ప్యాక్ ఊరికే పంపిస్తాను. తాబేటి డాలు అందులోనే ఉంది. హాయిగా దాటేస్తారు" అన్నారు.

తిట్టి ఉంటే భరించేదాన్నేమో. ఆ దయని మాత్రం భరించలేకపోయాను. అక్క నోటుపుస్తకం మూసి బయటికొచ్చింది. సగం రోజు సెలవు రాసిచ్చి ఇంటికి బయల్దేరింది. నేనూ వెనకే వెళ్ళాను.

అత్తయ్య హాల్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. అక్క ఎదురుగా నేల మీద కూర్చుంది. అంకె సంగతి, డాలు సంగతి, ఫారం సంగతి, చప్పట్ల సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. అంతా అయ్యాక అత్తయ్య అడిగింది.

"ఎన్నోసారి దాటావు?"

"రెండు వందల పన్నెండోసారి."

"జీతం తీసుకుని."

"అవును."

"నేను డెబ్బైసార్లకే ముసలిదాన్నయిపోయాననుకున్నాను." అత్తయ్య గొంతు ఒక్కసారిగా లేచింది. "ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ చేతుల్ని నమ్ముకుని బతికానే! ఒక్క సంతకంతో వీటిని నాకు కాకుండా చేశావు. పిల్లని ఎత్తుకోవాలంటే వణికాను. రోజూ నా ఎదురుగా అన్నం తింటూ కూర్చున్నావు కదా, నీకు ఒక్కసారైనా తట్టలేదా?"

"తప్పయింది అత్తయ్యా."

పదకొండేళ్ళుగా చూస్తున్నాను, ఆ మాట అక్క నోట వినడం అదే మొదటిసారి. అత్తయ్యకి మాత్రం ఆనలేదు.

"నాకు చెప్పేశావు, నీ బరువు దిగింది. నాకైతే ఇంట్లో కోడలుంది కాబట్టి తెలిసింది. ముగ్గురిలో ఇద్దరు మానేశారంటున్నావే, వాళ్ళకెవరు చెప్తారు?"

"బయట చెప్పకూడదని రాసిచ్చానత్తయ్యా. చెప్తే ఉద్యోగం ఉండదు."

"ఆ కాగితం మీద పెట్టిన సంతకం గుర్తుంది. దాటవచ్చని ఫారం మీద పెట్టింది గుర్తులేదా?"

అక్క నా కంప్యూటర్ ఇమ్మంది. ఆటగాళ్ళ పేజీ తెరిచి, తన సొంత పేరుతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాయడం మొదలుపెట్టింది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని భుజం మీదుగా వంగింది.

"మేం వేగం పెంచాం, మేం పరీక్షించాం అని రాస్తున్నావేం? మీ ఆఫీసంతా కలిసి సంతకం పెట్టారా?"

అక్క చెరిపేసింది. మళ్ళీ రాసింది. "డాలు గీసింది నేనని కూడా రాయక్కా" అన్నాను. "నువ్వాగు. ఇద్దరూ ఒకేసారి ఇంట్లో కూర్చుంటే ఎలా?" అని అత్తయ్య కసిరింది. నేను ఆగాను. ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. ఈ కాగితాల నిండా ఉన్న కోపంలో సగం ఎవరి మీదో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

చివరికి అక్క రాసింది ఇదీ: "వంతెన దగ్గర ఆగిపోయినవాళ్ళకి. కాపలావాడు సమ్మెట ఎత్తడానికీ దించడానికీ మధ్య సందు సగానికి తగ్గించారు, మీకు చెప్పలేదు. కొనకుండా దాటవచ్చని సంతకం పెట్టింది నేను. ఈ పనే ఉద్యోగంగా చేసే నేను అక్కడ రెండు వందల పదకొండుసార్లు చచ్చాను. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. మీ చేతులు బాగానే ఉన్నాయి."

రాయడమైతే రాసింది కానీ, పంపే మీట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. తొమ్మిదేళ్ళు టోకెన్లమ్మి సంపాదించుకున్న ఉద్యోగం. ఆమె వేలు కదలడం లేదు.

"ఏం, వేలు లేవట్లేదా? జరుగు" అని అత్తయ్య చెయ్యి చాపి ఆ మీట నొక్కేసింది.